చదివే లేఖనం, పాడే విశ్వాసం

ప్రొటెస్టెంటు సంస్కరణోద్యమంలో పుట్టిన సంఘాల్లో చాలావాటికి, తమ విశ్వాసం ఇదీ అని అంశాలవారీగా నిర్వచించి చెప్పే పత్రం ఒకటి పునాదిగా ఉంటుంది; లూథరన్ సంఘాలకు 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన అటువంటిది, ప్రెస్బిటేరియన్ సంఘాలకు పదిహేడో శతాబ్ది నడుమ రూపొందిన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన అటువంటిది. ఇంగ్లండు సంఘానికి కూడా 1571లో తుదిరూపం పొందిన 39 విశ్వాస సూత్రాలు ఉన్నాయి. అయితే ఆ సంఘాన్నీ, దాని నుంచి 160కి పైగా దేశాలకు విస్తరించిన ఆంగ్లికన్ సంఘాలనూ అర్థం చేసుకోవాలంటే ఆ సూత్రాలు చదివితే చాలదు. ఆదివారం ఉదయమో, మామూలు రోజు సాయంకాలమో ఆలయంలో ఏ గ్రంథభాగం చదువుతున్నారో, ఏ పాట పాడుతున్నారో, ఏ మాటలు పలుకుతూ అందరూ కలిసి మోకరిస్తున్నారో చూడాలి. మనిషి ప్రార్థించే తీరే అతని విశ్వాసానికి రూపమిస్తుందన్న ప్రాచీన క్రైస్తవ సిద్ధాంతాన్ని ఆంగ్లికన్లంత పట్టుదలగా ఆచరణలో పెట్టినవారు అరుదు.

ఈ ఆరాధన రెండు ఆధారాల మీద నిలిచింది. మొదటిది గ్రంథం: బైబిలు, దానిని సంవత్సరమంతా ఏ రోజున ఎంత చదవాలో నిర్ణయించే ప్రార్థనా గ్రంథం. ఇది రాజాజ్ఞతో, పార్లమెంటు చట్టంతో పైనుంచి వచ్చింది. రెండోది సంకీర్తన, అది చట్టం అనుమతి కోసం ఆగకుండా, చాలాసార్లు పొరుగు సంఘాల నుంచి, కొన్నిసార్లు పొలాల్లో పాడుకునే బాణీల నుంచి కిందినుంచి వచ్చింది. గ్రంథం ఒక సంఘానికి హద్దులు ఏర్పరిస్తే, పాట ఆ హద్దులను దాటి అవతలి విశ్వాసుల స్వరాన్ని లోపలికి తెచ్చింది. ఈ రెండింటి మధ్య దాదాపు అయిదు శతాబ్దాలుగా సాగుతున్న సంబంధమే ఆంగ్లికన్ ఆరాధన చరిత్ర. తెలుగు నేల మీద ఆ చరిత్రకు చెప్పుకోదగిన అధ్యాయమే ఉంది.

గ్రామానికొక బైబిలు

ఎనిమిదో హెన్రీ 1534లో రోము పోపు అధికారాన్ని తిరస్కరించి ఇంగ్లండు సంఘానికి తానే అధిపతినని ప్రకటించుకున్నప్పుడు ఆరాధన భాష మారలేదు. లాటిన్‌లో జరిగే పూజ లాటిన్‌లోనే సాగింది. మార్పు గ్రంథంతో మొదలైంది. ప్రతి గ్రామ ఆలయంలోనూ ప్రజలు వచ్చి చదువుకునేలా ఒక పెద్ద ఇంగ్లీషు బైబిలు ఉంచాలని 1538లో ఉత్తర్వు వెలువడగా, మైల్స్ కవర్‌డేల్ పర్యవేక్షణలో సిద్ధమైన ‘గ్రేట్ బైబిల్’ 1539లో అచ్చయి ఆ అవసరాన్ని తీర్చింది. అంతకు మూడేళ్ల ముందే, అంటే 1536లో, ఇంగ్లీషు బైబిలు అనువాదానికి ఆద్యుడైన విలియం టిండేల్‌ను నేటి బెల్జియంలోని విల్‌వోర్డేలో మతద్రోహిగా ముద్రవేసి చంపారన్న సంగతిని గుర్తుచేసుకుంటే ఆ మలుపు ఎంత ఆకస్మికమో తెలుస్తుంది. అయినా పాలకులకు ఆ స్వేచ్ఛపై నమ్మకం కుదరలేదు. 1543 నాటి చట్టం సామాన్య స్త్రీలూ కూలివారూ వృత్తిపనివారూ బైబిలు చదవడాన్ని నిషేధించింది. గ్రంథాన్ని అందరి ముందూ తెరిచిపెట్టడం, మళ్లీ కొందరికి దూరం చేయడం, రెండూ అయిదేళ్ల వ్యవధిలో అదే రాజు ఏలుబడిలో జరిగాయి.

ఈ గ్రంథానికి ఆరాధనలో స్థిరమైన చోటు కల్పించినవాడు కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మర్. మధ్యయుగాల మఠాల్లో సన్యాసులు రోజుకు ఎనిమిది వేళల్లో చేసే ప్రార్థనలను ఆయన ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన అనే రెండు క్రమాలుగా కుదించి, మఠాల గోడల మధ్య ఉన్న దానిని గ్రామస్థులందరి సొత్తుగా చేయదలచాడు. 1549లో వెలువడిన మొదటి ‘బుక్ ఆఫ్ కామన్ ప్రేయర్’, అంటే సర్వజనులకూ ఉమ్మడిగా ఉండే ప్రార్థనా గ్రంథం, ముందుమాటలోనే తన ఉద్దేశాన్ని వివరించింది: పరిశుద్ధుల పండుగలు కిక్కిరిసిన పాత పంచాంగంలో బైబిలులోని ఒక గ్రంథాన్ని మొదలుపెట్టడమే గాని ముగించడం ఉండేది కాదనీ, ఆ రోజున ఏది చదవాలో వెతకడానికి పట్టే సమయం చదవడానికి పట్టే సమయాన్ని మించేదనీ ఆ ముందుమాట ఆవేదన. క్రాన్మర్ ఏర్పరచిన పద్ధతిలో పాత నిబంధనలో చాలా భాగం ఏడాదికి ఒకసారి, ప్రకటన గ్రంథం మినహా కొత్త నిబంధన ఏడాదికి మూడుసార్లు, కీర్తనల గ్రంథంలోని 150 కీర్తనలూ నెలకొకసారి పూర్తవుతాయి. ఈ పట్టిక ప్రకారం రోజూ ఆలయానికి వెళ్లే మనిషి, అక్షరం రాకపోయినా, ఏడాది తిరిగేసరికి దాదాపు బైబిలంతా చెవులారా విన్నవాడవుతాడు.

ఆ ప్రార్థనా గ్రంథం ప్రయాణం సాఫీగా సాగలేదు. 1552లో మరింత ప్రొటెస్టెంటు ధోరణిలో సవరణకు గురై, మేరీ రాణి కాలంలో రద్దయి, 1559లో మొదటి ఎలిజబెత్ చేతుల మీదుగా తిరిగివచ్చి, అంతర్యుద్ధ కాలంలో 1645లో పార్లమెంటు నిషేధానికి గురై, చివరికి 1662లో నేటికీ చట్టబద్ధంగా నిలిచిన రూపాన్ని పొందింది. క్రాన్మర్ మాత్రం 1556లో ఆక్స్‌ఫర్డులో సజీవదహనమయ్యాడు. 1662 గ్రంథాన్ని అంగీకరించని బోధకులు వందలాదిగా తమ పదవులను కోల్పోయారు. ఉమ్మడి ప్రార్థన అనే సుందరమైన ఆశయం వెనుక ఇంత బలవంతం ఉందన్న నిజాన్ని ఆ గ్రంథాన్ని ప్రేమించేవారు దాచకూడదు.

భాష విషయంలో ఆ బలవంతం మరింత స్పష్టం. ప్రజలకు అర్థంకాని భాషలో ప్రార్థన జరపడం లేఖనానికి విరుద్ధమని 39 సూత్రాల్లో 24వది చెబుతుంది. అయితే 1549లో ఇంగ్లీషు ప్రార్థనా గ్రంథాన్ని అమలుచేసినప్పుడు కార్న్‌వాల్, డెవన్ ప్రాంతాల ప్రజలు తిరగబడ్డారు. కార్న్‌వాల్ వారిలో కొందరికి ఇంగ్లీషే రాదు, వారి మాతృభాష కార్నిష్. ఆ తిరుగుబాటును రక్తపాతంతో అణచివేశారు గాని, కార్నిష్ భాషలో ప్రార్థనా గ్రంథాన్ని ఇవ్వలేదు. పొరుగునున్న వేల్స్‌కు మాత్రం 1563 చట్టం మేరకు 1567లో కొత్త నిబంధన, ప్రార్థనా గ్రంథం, 1588లో విలియం మోర్గన్ అనువదించిన పూర్తి బైబిలు వెల్ష్ భాషలోనే అందాయి. కార్నిష్ పద్దెనిమిదో శతాబ్ది చివరికి వాడుకలోంచి తొలగిపోగా వెల్ష్ ఈనాటికీ సజీవంగా ఉంది. ఆరాధనలో చోటు దొరకడం, దొరకకపోవడం ఈ వ్యత్యాసానికి ఏకైక కారణం కాకపోయినా, ప్రధాన కారణాల్లో ఒకటన్నది చరిత్రకారుల మాట.

నెలకొకసారి నూటయాభై

ఆంగ్లికన్ ఆరాధనలో లేఖనం అన్నప్పుడు ముందుగా చెప్పవలసింది కీర్తనల గ్రంథం గురించే. 1662 ప్రార్థనా గ్రంథం సువార్తలూ పత్రికలూ చదివే భాగాలకు 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు పాఠాన్ని స్వీకరించినా, కీర్తనలకు మాత్రం శతాబ్దానికి పైగా పాతదైన కవర్‌డేల్ పాఠాన్నే ఉంచింది. కవర్‌డేల్ హీబ్రూ పండితుడు కాదు, లాటిన్, జర్మన్ అనువాదాల ఆధారంగా పనిచేసినవాడు. కింగ్ జేమ్స్ అనువాదం మూలానికి మరింత దగ్గర. అయినా జనం నోటికీ గాయకబృందాల గొంతుకూ అప్పటికే అలవడిన మాటలను మార్చడానికి సంఘం సాహసించలేదు. పాండిత్యం ఒకవైపు, నోటిమీది అలవాటు మరొకవైపు ఉన్నప్పుడు రెండోదానికే మొగ్గుచూపిన ఆ నిర్ణయంలో వివేకం ఉంది; ప్రతి తరానికీ మారిపోయే మాటలను ఎవరూ కంఠస్థం చేయరు, కంఠస్థం కాని మాట మరణశయ్య మీద గుర్తుకురాదు.

ఆ కీర్తనల పాఠం నెలలోని 30 రోజుల ఉదయ సాయంకాలాలకు 60 భాగాలుగా విభజితమై ఉంటుంది. మొదటి రోజు ఉదయం మొదటి అయిదు కీర్తనలతో మొదలయ్యే ఈ పారాయణంలో పదిహేనో తేదీ సాయంకాలం ఇశ్రాయేలీయుల చరిత్రను సుదీర్ఘంగా చెప్పే 78వ కీర్తన వస్తుంది; అన్నిటికన్నా పెద్దదైన 119వది మూడు రోజులపాటు సాగుతుంది. ఈ పద్ధతిలో అసలు విశేషం ఎంపిక లేకపోవడం. పెళ్లింట ఆనందంలో ఉన్నవాడి నోటికి ఆ సాయంకాలం విలాపగీతం రావచ్చు, కొత్తగా బిడ్డను పోగొట్టుకున్న తల్లి నోటికి స్తుతిగీతం రావచ్చు. మనసుకు నచ్చిన కీర్తనను ఏరుకునేవాడు తన గుండె చప్పుడే వింటాడు. తేదీ ప్రకారం చదివేవాడు ఇతరుల దుఃఖాన్నీ ఇతరుల సంతోషాన్నీ తన నోట పలకడం నేర్చుకుంటాడు. ఒంటరిగా చదువుకునే చదువు నుంచి ఉమ్మడి ఆరాధనను వేరుచేసేది ఇదే.

శత్రువుల పసిబిడ్డల వినాశాన్ని కూడా కోరే శాపవచనాలు కొన్ని కీర్తనల్లో ఉన్నాయి. వాటిని దైవసన్నిధిలో పలకవచ్చా అన్న ప్రశ్న ఆంగ్లికన్లను చాలాకాలం కలవరపెట్టింది. 1928లో ప్రతిపాదించిన సవరణ ప్రార్థనా గ్రంథం అటువంటి వచనాలను విడిచిపెట్టడానికి వీలుగా గుర్తులు పెట్టింది. ఆ గ్రంథాన్ని ఇతర కారణాల వల్ల బ్రిటిష్ కామన్స్ సభ తిరస్కరించింది. ఆ వచనాలను విడిచిపెట్టడం కన్నా చదవడమే మేలు. పీడితుల గుండెల్లో రగిలే పగను దేవుని ఎదుట దాచకుండా విప్పి చెప్పుకున్న వాక్యాలవి. వాటిని తీసివేస్తే లేఖనం సుఖంగా ఉన్నవారి గ్రంథంగా మాత్రమే మిగులుతుంది.

కీర్తనలు వచనంలో ఉంటాయి గాని పాడబడతాయి. ఇంగ్లీషు కీర్తనలోని ప్రతి వచనం మధ్యలో ఒక విరామచిహ్నం దానిని రెండు పాదాలుగా చేస్తుంది. గాయకబృందం ఒక్కొక్క పాదంలోని ఎక్కువ మాటలను ఒకే స్వరంపై పలికి, చివరి కొన్ని అక్షరాలను మాత్రం స్వరాలు మారుస్తూ ముగిస్తుంది. నాలుగు గొంతుల మేళవింపుతో సాగే ఈ పద్ధతికి ఆంగ్లికన్ చాంట్ అని పేరు. ఛందస్సు లేని వాక్యాన్ని పాడటం తెలుగువారికి వింత కాదు. సింహాచలంలో కృష్ణమాచార్యులు రచించిన సింహగిరి వచనాల సంప్రదాయం ఉండనే ఉంది. రెండుచోట్లా బాణీ మాటకు లొంగి ఉంటుంది గాని మాటను లొంగదీయదు.

చదువరి, గద్ద, మరియ కీర్తన

సాయంకాల ప్రార్థనను గాయకబృందంతో జరిపినప్పుడు దానిని ఈవెన్‌సాంగ్ అంటారు. పాప ఒప్పుకోలు, కీర్తనల తరువాత పాత నిబంధన పఠనం, దానికి జవాబుగా లూకా సువార్తలోని మరియ కీర్తన, ఆపైన కొత్త నిబంధన పఠనం, దానికి జవాబుగా వృద్ధ సుమెయోను కీర్తన, తరువాత అపొస్తలుల విశ్వాస ప్రమాణం, ప్రార్థనలు: ఇదీ దాని క్రమం. లేఖనం చదవడం, లేఖనమే పాడుతూ బదులివ్వడం అనే ఈ అల్లికే క్రాన్మర్ ప్రతిభ. బలవంతుల పతనాన్నీ దీనుల ఉద్ధరణనూ చాటే మరియ కీర్తన ఆ విధంగా రాజుల ఎదుట, ప్రభువుల ఎదుట, సైనికుల ఎదుట ప్రతి సాయంత్రం వినిపించింది. విన్నవారు దానిని ఎంత పట్టించుకున్నారన్నది వేరే సంగతి.

గ్రంథపఠనం చేసేవారు గురువులే కానక్కర్లేదు, సంఘస్థులెవరైనా కావచ్చు. చాలా ఆలయాల్లో బైబిలును ఉంచే పీఠం రెక్కలు చాచిన గద్ద ఆకారంలో ఉంటుంది. గద్ద సువార్తికుడైన యోహానుకు గుర్తు. పఠనానికి ముందు గాని వెంటనే గాని వ్యాఖ్యానం ఉండదు. ప్రసంగం వేరే చోట వస్తుంది, కొన్ని సాయంకాలాల్లో అసలే ఉండదు. వాక్యం తన కాళ్ల మీద తాను నిలబడగలదన్న నమ్మకం ఇందులో ఉంది. రక్షణకు అవసరమైనదంతా లేఖనంలోనే ఉందనీ, అందులో లేనిదానిని ఎవరి మీదా విశ్వాసంగా రుద్దకూడదనీ చెప్పే ఆరో సూత్రానికి ఆచరణ రూపమిది. అదే సూత్రం, యూదుల హీబ్రూ బైబిలులో లేని తోబీతు, యూదితు వంటి అపొక్రిఫా గ్రంథాలను నీతి కోసం చదవవచ్చు గాని సిద్ధాంతానికి ఆధారం చేయరాదని చెబుతుంది.

ప్రతి ఆదివారానికీ పండుగకూ ఆ రోజు పాఠాల సారాన్ని ఒకే ఒక వాక్యంలో దేవునికి విన్నవించే చిన్న ప్రార్థన ఉంటుంది. దానిని కలెక్ట్ అంటారు. వీటిలో చాలా వాటిని క్రాన్మర్ లాటిన్ నుంచి అనువదించాడు, కొన్నిటిని తానే రాశాడు. క్రీస్తు రాకడ కోసం ఎదురుచూసే ఆగమన కాలంలో రెండో ఆదివారానికి ఆయన సొంతంగా కూర్చినది, లేఖనం వినేవారి లోలోపలికి ఇంకాలని కోరుతుంది. ప్రభు భోజన సంస్కారంలోనూ పత్రిక, సువార్త పాఠాలు తప్పనిసరి. 1990లలో రూపొందిన ఉమ్మడి పఠన పట్టిక ప్రకారం ఇప్పుడు అనేక సంఘాలు మూడేళ్ల చక్రంలో మత్తయి, మార్కు, లూకా సువార్తలను వరుసగా చదువుతున్నాయి.

అనుమతి లేకుండా వచ్చిన పాట

ఇంత శ్రద్ధగా లేఖనాన్ని అమర్చిన క్రాన్మర్ కొత్త పాటలకు దాదాపుగా చోటివ్వలేదు. లాటిన్ ఆరాధనలోని సంకీర్తనలను ఇంగ్లీషు పద్యంలోకి తేవడానికి ప్రయత్నించి, తనకు ఆ నేర్పు లేదని 1544లో ఎనిమిదో హెన్రీకి రాసిన లేఖలో ఆయనే ఒప్పుకున్నాడు. ఫలితంగా ఆ సంకీర్తనలన్నీ రాలిపోగా, గురువుల అభిషేక క్రమంలో పరిశుద్ధాత్మను ఆహ్వానించే ఒక్క గీతం మాత్రం మిగిలింది. అక్షరానికొక స్వరం చాలునన్న ఆయన అభిప్రాయానికి అనుగుణంగా జాన్ మెర్బెక్ 1550లో ప్రార్థనా గ్రంథానికి స్వరాలు కూర్చాడు. రెండేళ్లకే గ్రంథం మారిపోవడంతో ఆ స్వరాలు మూలపడి, పందొమ్మిదో శతాబ్దిలో తిరిగి వెలుగుచూశాయి. కేథడ్రళ్లలో థామస్ టాలిస్, కాథలిక్‌గానే జీవించిన విలియం బర్డ్ వంటి మహా స్వరకర్తలు ఇంగ్లీషు ఆరాధనకు సంగీతం సమకూర్చారు.

గ్రామ ఆలయాల్లో మాత్రం రెండు శతాబ్దాలకు పైగా వినిపించినవి ఛందోబద్ధం చేసిన కీర్తనలే. స్టెర్న్‌హోల్డ్, హాప్కిన్స్ పేర్లతో 1562లో పూర్తయిన సంపుటి, దాని తరువాత 1696లో టేట్, బ్రేడీల సంపుటి బహుళ ప్రచారం పొందాయి. బైబిలు మాటలను తప్ప మానవ రచనలను ఆరాధనలో పాడకూడదన్న భావన అంత బలంగా ఉండేది. దానిని సడలించినవాడు ఐజాక్ వాట్స్. ఆయన ఇంగ్లండు సంఘ సభ్యుడు కాడు, స్వతంత్ర సంఘానికి చెందినవాడు. దావీదు కీర్తనలను క్రైస్తవుల నోటికి తగినట్లు తిరగరాయాలనీ, సువార్త గురించి కొత్త పాటలు రావాలనీ 1707, 1719 సంపుటాలతో ఆయన చూపించాడు. ఆంగ్లికన్ గురువుగానే జీవించి 1788లో మరణించిన చార్లెస్ వెస్లీ 6,000కు పైగా సంకీర్తనలు రచించాడు. ఒకప్పుడు బానిసల ఓడకు కెప్టెన్‌గా పనిచేసి తరువాత ఆంగ్లికన్ గురువైన జాన్ న్యూటన్, కవి విలియం కూపర్‌తో కలిసి 1779లో ఓల్నీ గ్రామం పేరిట సంకీర్తనల సంపుటి వెలువరించాడు. ప్రపంచమంతటా పాడుకునే ‘ఎమేజింగ్ గ్రేస్’ దానిలోనిదే.

అప్పటికీ ఆరాధనలో సంకీర్తనకు చట్టబద్ధమైన స్థానం లేదు. షెఫీల్డులోని సెయింట్ పాల్ ఆలయ గురువు థామస్ కాటెరిల్ తన సంకీర్తనల పుస్తకాన్ని సంఘంలో ప్రవేశపెట్టగా కొందరు సంఘస్థులు యార్క్ మత న్యాయస్థానానికి ఎక్కారు. 1820లో వచ్చిన తీర్పు సారాంశం ప్రకారం, చట్టాన్ని అక్షరాలా పాటిస్తే ఛందోబద్ధ కీర్తనలకూ సంకీర్తనలకూ రెండింటికీ అనుమతి లేదు, కాని దీర్ఘకాలపు వాడుక రెండింటినీ నిలబెట్టింది. చివరికి యార్క్ ఆర్చిబిషప్పు మధ్యవర్తిత్వంతో ఆ పుస్తకాన్ని ఉపసంహరించి, ఆయన ఆమోదించిన మరొక సంపుటిని తెచ్చారు. ఆ నాటి నుంచి సంకీర్తనను ఆపడం ఎవరి తరమూ కాలేదు. పార్లమెంటు శాసించిన గ్రంథం పక్కన, ఎవరూ శాసించని పాటల పుస్తకం వచ్చి కూర్చుంది.

సంకీర్తనలను పఠన పట్టికతో జతచేయాలన్న ఆలోచనకు స్పష్టమైన రూపమిచ్చినవాడికి భారతదేశంతో సంబంధం ఉంది. రెజినాల్డ్ హీబర్ 1823లో కలకత్తా బిషప్పుగా వచ్చి, 1826 ఏప్రిల్ 3న తిరుచిరాపల్లిలో హఠాత్తుగా మరణించాడు. సంవత్సరంలోని ప్రతి ఆదివారం పాఠానికీ తగిన సంకీర్తన ఉండాలని ఆయన కూర్చిన సంపుటి మరణానంతరం 1827లో అచ్చయింది. ఆ ఆలోచనే 1861లో ‘హిమ్స్ ఏన్షెంట్ అండ్ మోడర్న్’ అనే సంపుటిలో పూర్తిగా ఫలించింది. హెన్రీ బేకర్ సారథ్యంలో, డబ్ల్యు.హెచ్. మంక్ సంగీత సంపాదకత్వంలో వచ్చిన ఆ పుస్తకం సాహిత్యాన్నీ స్వరాన్నీ ఒకేచోట ముద్రించి కోట్లాది ప్రతులు అమ్ముడుపోయింది. జాన్ మేసన్ నీల్ లాటిన్, గ్రీకు భాషల నుంచి తెచ్చిన ప్రాచీన గీతాలూ, లూథరన్ జర్మనీ గీతాలూ అందులో పక్కపక్కన నిలిచాయి. మూడు శతాబ్దాల మతకలహాలు వేరుచేసిన సంఘాలు ఒకే పుస్తకం అట్టల మధ్య కలిశాయి. వేదాంత పండితులు చేయలేకపోయిన పనిని పాటల సంపాదకులు చేశారనడం అతిశయోక్తి కాదు.

పాటకు ఉన్న ఈ శక్తి మేలుకే ఉపయోగపడుతుందన్న హామీ లేదు. సెసిల్ ఫ్రాన్సెస్ అలెగ్జాండర్ 1848లో పిల్లల కోసం రాసిన సంకీర్తనల్లో ఒకటి, ధనికుడి కోట, దాని గుమ్మం దగ్గర పేదవాడు అనే అంతరాన్ని దేవుడే ఏర్పరచాడన్నట్లు చెప్పింది. ఆ చరణాన్ని 1906లో ‘ఇంగ్లీష్ హిమ్నల్’ సంపాదకులు తొలగించారు. హీబర్ భారతదేశానికి రాకముందు, 1819లో రాసిన మిషనరీ గీతం ప్రాచ్యదేశాల ప్రకృతిని పొగిడి మనుషులను నీచులన్నది. 1925లో కలకత్తాలో మిషనరీలతో మాట్లాడుతూ గాంధీజీ ఆ భావాన్ని సూటిగా తప్పుపట్టారు. లేఖనాన్ని సవరించే అధికారం సంఘానికి లేదు. పాటను సవరించే బాధ్యత ఉంది. ఈ తేడా తెలిసిన సంఘమే పాటను నిర్భయంగా పాడగలదు.

అదే గాంధీజీ ‘ఎబైడ్ విత్ మి’ గీతాన్ని ఎంతో ఇష్టపడ్డారు. డెవన్ తీరంలోని బ్రిక్స్‌హమ్‌లో గురువుగా ఉన్న హెన్రీ ఫ్రాన్సిస్ లైట్ 1847లో, మరణానికి కొద్దికాలం ముందు రాసిన ఆ గీతానికి మంక్ 1861 సంపుటి కోసం కట్టిన బాణీయే స్థిరపడింది. న్యూఢిల్లీలో గణతంత్ర వేడుకల ముగింపుగా జరిగే బీటింగ్ రిట్రీట్‌లో అది దశాబ్దాలపాటు వినిపించి, 2022లో కార్యక్రమం నుంచి తొలగింది. ఒక గ్రామ గురువు మరణానికి సిద్ధపడుతూ రాసుకున్న ప్రార్థన స్వతంత్ర భారత సైనిక సంప్రదాయంలో చోటు సంపాదించిందంటే పాట ఎంత దూరం వెళ్లగలదో తెలుస్తుంది.

1906 సంపుటికి సంగీత సంపాదకుడైన రాల్ఫ్ వాన్ విలియమ్స్ పల్లెల్లో తిరిగి జానపద గీతాలను సేకరించినవాడు. సర్రే ప్రాంతంలోని ఫారెస్ట్ గ్రీన్ గ్రామంలో 1903లో విన్న బాణీని ఆయన బెత్లెహేము గురించిన క్రిస్మస్ గీతానికి జతచేశాడు. పందొమ్మిదో శతాబ్ది నడుమ ఆర్గన్ల రాకతో ఆలయాల నుంచి వెళ్లగొట్టబడిన గ్రామీణ వాద్యకారుల సంగీతానికి ఆ విధంగా కొంతైనా న్యాయం జరిగింది. క్రిస్మస్ ముందటి సాయంకాలం తొమ్మిది పఠనాలనూ క్రిస్మస్ గీతాలనూ ఒకదాని వెంట ఒకటిగా అల్లిన ఆరాధనను బిషప్పు బెన్సన్ 1880లో ట్రూరోలో మొదలుపెట్టగా, 1918లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ఆలయం దానిని చేపట్టింది. నేడు తెలుగు సంఘాల్లో డిసెంబరు నెలలో జరిగే పఠనాల, గీతాల ఆరాధనలకు మూలం అదే.

దోర్నకల్లులో రాగం, తాళం

తెలుగు నేలకు ఆంగ్లికన్ ఆరాధన ప్రధానంగా రెండు దారుల్లో వచ్చింది. చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ 1841లో మచిలీపట్నంలో పని మొదలుపెట్టారు. రాయలసీమలో కడప, ముత్యాలపాడు, నంద్యాల ప్రాంతాల్లో మరొక ఆంగ్లికన్ మిషను పనిచేసింది. అప్పటికే లండన్ మిషనరీలు విశాఖపట్నంలో మొదలుపెట్టిన అనువాదం వల్ల 1818 నాటికి తెలుగు కొత్త నిబంధన, శతాబ్ది నడుమకు పూర్తి బైబిలు అచ్చులో ఉన్నాయి. ప్రార్థనా గ్రంథమూ తెలుగైంది. తెలుగు ఆంగ్లికన్ ఆరాధనకు సొంత స్వరం దొరికిన చోటు మాత్రం దోర్నకల్లు.

తిరునల్వేలి ప్రాంతానికి చెందిన తమిళుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1912 డిసెంబరు 29న కలకత్తాలో దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తుడై, ఆంగ్లికన్ సంఘాల్లో ఆ పదవిని పొందిన తొలి భారతీయుడయ్యాడు. ఆయన అధికార ప్రాంతంలో సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన వ్యవసాయ కూలీలు; చదువుకు తరతరాలుగా దూరంగా ఉంచబడినవారు. ప్రార్థనా గ్రంథం చేతికిస్తే చదవలేనివారికి ప్రభువు నేర్పిన ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, కీర్తనలు నోటితోనే నేర్పారు. పగలంతా పొలంలో వంగి పనిచేసినవారు రాత్రివేళ గుడిలో కూడి అప్పజెప్పుకున్న ఆ మాటలే వారి బైబిలు. 1543 చట్టం గ్రంథాన్ని నిరాకరించింది కూలివారికే. ఆ కూలివారి కంఠంలోనే తెలుగునాట అది నిలిచింది. 1939 జనవరి 6న ప్రతిష్ఠితమైన దోర్నకల్లు కేథడ్రల్ హిందూ, ముస్లిం, క్రైస్తవ శిల్పరీతులను మేళవించుకున్నట్లే, ఆరాధనలోనూ దేశీయ గానపద్ధతికి అజరయ్య ప్రోత్సాహమిచ్చాడు.

తెలుగు క్రైస్తవ గానానికి ఆద్యుడిగా గౌరవం పొందే పురుషోత్తమ చౌదరి 1803లో జన్మించి, బాప్టిస్టు మిషనరీల సాంగత్యంలో క్రైస్తవుడై, నూరుకు పైగా కీర్తనలు రచించాడు. పల్లవి, అనుపల్లవి, చరణాలతో, కర్ణాటక రాగతాళాల్లో సాగే ఆయన కీర్తనలు ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ సంపుటి ద్వారా లూథరన్, బాప్టిస్టు, ఆంగ్లికన్ తేడా లేకుండా అందరి ఆరాధనలోనూ చేరాయి. స్వతంత్ర సంఘస్థుడైన వాట్స్ పాటలను ఇంగ్లండు సంఘం పాడుకున్నట్లే బాప్టిస్టు చౌదరి కీర్తనలను తెలుగు ఆంగ్లికన్లు పాడుకున్నారు. ఆ సంపుటిలో ఇంగ్లీషు బాణీలకు తెలుగు మాటలు కూర్చిన పాటలూ ఉన్నాయి. ఇంగ్లీషు పద్యం ఊనిక మీద, తెలుగు పద్యం గురులఘువుల మీద ఆధారపడతాయి కాబట్టి అటువంటి పాటల్లో హ్రస్వాక్షరం బాణీ కోసం సాగి మాట రూపం చెడటం తరచు జరుగుతుంది. కీర్తనలో ఆ చిక్కు లేదు; తెలుగు భక్తుడు తరతరాలుగా ఎరిగిన నడక అది. ఇంగ్లీషు బాణీల పట్ల గౌరవం తగ్గనక్కర్లేదు గాని, తెలుగు సంఘం తన విశ్వాసాన్ని నిండుగా పలికింది కీర్తనలోనే.

1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. 1950లో అది రూపొందించిన ప్రభు భోజన క్రమం, 1662 గ్రంథంలో ఆ సంస్కారానికి లేని పాత నిబంధన పఠనాన్ని చేర్చింది. బైబిలును ఊరేగింపుగా తెచ్చి బల్లమీద ఉంచడం, సంఘస్థులు చేతులు కలిపి ఒకరికొకరు సమాధానం అందించుకోవడం అందులో భాగమయ్యాయి. కేరళ సిరియన్ క్రైస్తవుల సంప్రదాయం నుంచి కూడా స్వీకరించిన ఆ క్రమం ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో ప్రపంచవ్యాప్తంగా జరిగిన ఆరాధన సంస్కరణలకు మార్గదర్శకమైంది. ఒకప్పుడు ఇంగ్లండు నుంచి గ్రంథాన్ని అందుకున్న సంఘం, ఇంగ్లండు నేర్చుకోదగిన క్రమాన్ని తానే అందించింది.

నేటి తెలుగు సంఘాల్లో ప్రసంగం పెరిగి పఠనం కుదించుకుపోవడం, మూడు పాఠాలకు బదులు ఒక్క వచనంతో సరిపెట్టడం, కీబోర్డు వాద్యంతో వచ్చే కొత్త పాటల వెల్లువలో రాగతాళాల పేర్లు పుస్తకంలో మాత్రమే మిగలడం కనిపిస్తోంది. కొత్త పాటను అడ్డుకోవడం ఈ సంప్రదాయం నేర్పిన పాఠం కాదు. 1820లో షెఫీల్డులో అలా అడ్డుకోబోయినవారి మాట నిలవలేదు. కాని చదవవలసిన పాఠాన్ని పూర్తిగా చదవడానికి పట్టేది కొన్ని నిమిషాలే. ఆ నిమిషాలను సంఘ పెద్దలు తిరిగి ఇవ్వాలి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ప్రతి కీర్తన పైన ముద్రించిన రాగంలో దానిని పాడగలిగిన వృద్ధులు గ్రామ సంఘాల్లో ఇంకా ఉన్నారు. వారి గొంతులను రికార్డు చేసి, ఆ బాణీలను స్వరపరచి భద్రపరిచే పనిని డయాసిస్‌లూ, వేదాంత కళాశాలలూ, సంగీతం నేర్చిన యువతీయువకులూ ఈ తరంలోనే చేపట్టాలి.